లాకర్‌లో వేంచేసిన పంది రూపాయి అల్లుడుగారికి

పర్లాకిమిడి నుంచి మీ మామగారు రాసుకునేది. ఇక్కడ మేమంతా ఒక మోస్తరుగా ఉన్నాం. మీరు కులాసాగా ఉన్నారా అని అడగను, ఎందుకుండరు? గుండ్రటి గట్టి ప్లాస్టిక్ డబ్బీలో మీరు, దాని మీద జిప్ కవరు, ఆ పక్కన మా ఆవిడ కాసులపేరు, ఆపైన బ్యాంకువాళ్ల ఇనప తలుపు. మా ఇంటి కప్పు మాత్రం మొన్నటి వానకి మళ్లీ కారింది.

పాత నాణేలు పోగేసే పిచ్చిలో మూడేళ్ల కిందట 9,000 పోసి మిమ్మల్ని కొన్నాను. ఆ మాట ఇంట్లో 3,000 అని చెప్పాను, అది మన మధ్యనే ఉండనీండి. ఆ డబ్బు తేలడానికి తొమ్మిది నెలలు ఒక్క బిళ్ల కొంటే ఒట్టు. గుణుపురం వెళ్లినప్పుడల్లా పాత ఇత్తడి సామాన్ల కొట్టాయన చిల్లర వేసుకునే సత్తు గిన్నెని నా ముందుకి తోసేవాడు, నేను చూపు తిప్పుకుని రైలు టైమైందని వచ్చేసేవాణ్ని. కొత్తల్లుడికి సారె పెట్టినవాడు సంక్రాంతికి తనకో కండువా కొనుక్కోలేడని మా నాయనమ్మ అనేది, అది నాకు నాణేల్లో తెలిసొచ్చింది.

ఇంతకీ మీ గొప్పేమిటో నాకు తెలియక కాదు. 1911లో ఐదో జార్జి బొమ్మతో మీరు బయటికొచ్చారు. రాజుగారి మెడలో దండ, ఆ దండలో ఏనుగు. చెక్కినాయన తొండం పొట్టి చేశాడో, కాళ్లు పొట్టి చేశాడో, జనం కంటికది పందిలా కనపడింది. గోల గోలైంది. సర్కారు మిమ్మల్ని వెనక్కి లాగేసి చాలావరకు కరిగించేసి, మర్నాటేడు ఏనుగుని సరిచేసి కొత్త రూపాయిలు కొట్టింది. కొలిమిలోంచి తప్పించుకున్నవాళ్లలో మీరొకరు. అంటే మీ వంశ గౌరవమంతా ఒక చెక్కుడు తప్పు మీద నిలబడి ఉంది. ఇది నేను దెప్పడానికి అనడం లేదు, ఉన్నమాట.

మీ తూకం 11.66 గ్రాములు, వెండి పాలు 91.7 శాతం. బిస్కెట్ డబ్బాలో ఉండే మా 1918 రూపాయిది కూడా అంతే తూకం, అంతే వెండి. తేడా ఒకటే, అతన్ని ఆ ఏడు కోట్లకు కోట్లు కొట్టారు కాబట్టి వెండి ధరకి కాస్త అటూ ఇటూగా దొరికాడు. కానీ అతని కథ అడగండి ఓసారి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడ వెండికి కటకటొస్తే అమెరికా తన ఖజానాలోని డాలరు బిళ్లల్ని కోట్లలో కరిగించి ఆ వెండిని ఇటు ఓడల్లో పంపింది. డబ్బాలో బొరుగుల మధ్య పడున్నట్టుండే ఆ రూపాయిలో ఏ అమెరికా డాలరు ముక్కుందో ఎవడికి తెలుసు! అతనెప్పుడూ లాకరు అడగలేదు.

ఇక మీ బావమరుదుల సంగతి. మా డబ్బాలో 1936 కాణీ ఒకటుంది, అదే, పావు అణా కంచు బిళ్ల. 30 రూపాయలిచ్చాను, అదీ ఆ ఇత్తడి కొట్టాయన బేరానికి ఒప్పుకోక. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది, పర్లాకిమిడి మద్రాసు చేతిలోంచి అప్పటి ఒడిశా రాజధాని కటకం చేతిలోకి వెళ్లింది. మా తాతగారు మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకుని మంచం కదలకుండా ఒడిశాలో లేచారు. ఆయన అత్తారి ఊరు పాతపట్నం మాత్రం అటే ఉండిపోయింది, నాలుగడుగులేస్తే వేరే రాష్ట్రం. ఆ కాణీతో ఆయన ఏం కొన్నారో, ఏ భాషలో బేరమాడారో అని పట్టుకుని కూర్చుంటే నాకు ఒక సాయంత్రం గడిచిపోతుంది. మీతో గడిపిన సాయంత్రం ఒక్కటీ లేదు. మిమ్మల్ని చూడాలంటే బ్యాంకు పని వేళల్లో సెలవు పెట్టుకుని, రిజిస్టర్లో సంతకం పెట్టి, ఆ గదిలో ఫ్యాను లేక చెమటలు కక్కుతూ నిలబడాలి. పోనీ చూశాక? ముట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటితే ధర తగ్గుతుందని టెన్షన్.

మా అమ్మ 1943 చిల్లు కాణీల్ని చింతపండుతో తోమేసింది ఒకసారి. నేను బజారు నుంచొచ్చేసరికి తులసికోట గట్టు మీద వరసగా పద్నాలుగు, పెళ్లికూతుళ్లలా ఎర్రగా మెరుస్తూ ఆరుతున్నాయి. ఎనభై ఏళ్ల ముదురు రంగు ఒక్క పూటలో వదిలిపోయింది. నాణేలు తోమకూడదన్నది ఈ పిచ్చిలో మొదటి పాఠం, అయినా నవ్వొచ్చింది, ఎందుకంటే మొత్తం నష్టం ఒక పూట టిఫిను ఖర్చు దాటదు. ఆవిడ చేతికి మీరు దొరికుంటే? అసలు మిమ్మల్ని లాకరుకి పంపిందే ఆ భయంతో.

మీ పేరు చెప్పి ఇంకో తలనొప్పి. పాత బిళ్ల ఒకటి 9,000 అన్న సంగతి ఎలాగో పొక్కింది (3,000 అన్నానుగా, అది పెరుగుతూ పెరుగుతూ నిజం దగ్గరికి తనే వచ్చేసింది). అప్పట్నుంచి రాయగడలో ఉన్న మా బావమరిది వారానికోసారి ఫోను. "బావా, వైష్ణోదేవి బొమ్మ ఐదు రూపాయిలది పది లక్షలంట, రిజర్వు బ్యాంకే కొంటాదంట, ముందు కాస్త ఫీజు కట్టాలంట!" 2012లో కోట్లలో వచ్చిన బిళ్లకి పది లక్షలేమిటి, రిజర్వు బ్యాంకు తన పేరు చెప్పి ఇలా ఫీజు అడిగేవాళ్లని నమ్మొద్దని 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది బాబూ అంటే, నీకు దక్కినట్టు నాకు దక్కకూడదా అని అలిగాడు. ఇదంతా మీ చలవే.

అయ్యా, మిమ్మల్ని అమ్మేస్తానని కాదు. ఖరీదైన బిళ్ల ఒకటుండాలి, లేకపోతే డబ్బా చిల్లర కొట్టులా ఉంటుందని నేనే వాదించేవాణ్ని. కానీ నెలకి ఓ వెయ్యి పెట్టుకునే మనిషి తొమ్మిది నెలల వెయ్యీ ఒకే ముఖాన పోస్తే మిగిలిన అల్మారా ఎండిపోతుంది, ఆ లెక్క నాకు కాస్త ఆలస్యంగా ఎక్కింది.

అసలు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, మా వాడు ఒడియా మీడియం. తెలుగు గలగలా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. పోయిన ఆదివారం డబ్బా తిరగేస్తూ ఐదో జార్జి అణా పట్టుకుని, అంచుకి పువ్వులా ఉన్న పన్నెండు వంపులు లెక్కపెడుతున్నాడు. వెనక వైపు ఇంగ్లీషుతో పాటు నాలుగు లిపులు, ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు. "మన ఒడియా ఏది నాన్నా?" అని ముందు అలిగాడు. తర్వాత "ఇదేటి, జిలేబీలా ఉంది?" అని తెలుగు మీద వేలు పెట్టాడు. ఒక అణా, అని చదివాను. భూతద్దం తెచ్చుకుని, ఆ అక్షరాల్ని నోటుబుక్కులో ఒక్కొక్కటే గీశాడు. 40 రూపాయల బిళ్ల. వాడి వేలి జిడ్డు దాని నిండా అంటింది.

కాబట్టి అల్లుడుగారూ, ఈ ఏడు మీకు కొత్త డబ్బీ కొనడం లేదు, ఉన్నదాంతోనే సర్దుకోండి. ఆ డబ్బుతో బేడ ఒకటి తెస్తున్నాను, నలుపలకల రెండణాల బిళ్ల. వాడు ఇంకో ముక్క చదవాలంటున్నాడు. మీ లాకరు అద్దె జూన్‌లో కడతాను.

ఇట్లు,
మీ మామగారు