మైవాండ్ సింహం గారికి ఒక విన్నపం

శ్రీ మైవాండ్ సింహం గారికి,
ఫోర్బరీ గార్డెన్స్, రెడింగ్, బార్క్‌షర్, ఇంగ్లండ్.

అయ్యా,

మీ ఆరోగ్యం గురించి అడగను. 16 టన్నుల పోత ఇనుము, 31 అడుగుల పొడవు, 1886 నుంచి ఒకే చోట నిలబడి కోరలు చూపిస్తున్న పెద్దమనిషికి జలుబు చేస్తుందా, జ్వరం వస్తుందా? నేను మీ ఊళ్ళో కాపురముంటున్న గుంటూరు జిల్లా కోడలిని. ఐటీ ఉద్యోగాల పుణ్యమా అని ఇక్కడ మావాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. ఎండ కాసిన ఆదివారం మీ పీఠం పక్కన గడ్డిలో దుప్పటి పరిచి పులిహోర డబ్బాలు విప్పేది మేమే. ఇన్నేళ్ళలో మీకు ఒక్క ముద్దయినా పెట్టలేదు. పీఠం ఎత్తు అలాంటిది, మనసులో పెట్టుకోకండి.

ఈ ఊళ్ళో ఎవరిని కదిలించినా మీ గురించి ఒకటే కథ చెప్తారు. మిమ్మల్ని చేసిన శిల్పి జార్జ్ బ్లాకాల్ సైమండ్స్, తీరా మిమ్మల్ని పీఠమెక్కించాక చూసుకుంటే, మీ నడక సింహం నడక కాదు, ఇంటి పిల్లి నడక అని తేలిందట. ఆ అవమానం భరించలేక ఆయన ప్రాణం తీసుకున్నాడట. మా పక్కింటి పెద్దావిడకి ఈ కథ వాళ్ళమ్మ చెప్పింది. వాళ్ళమ్మకి వాళ్ళమ్మమ్మ చెప్పింది. మా అబ్బాయి స్కూల్లో చేరిన నెలలోపే ఇంటికి మోసుకొచ్చాడు. లెక్కల ఎక్కాలైనా అంత తొందరగా రాలేదు వాడికి.

నిజం చెప్పాలంటే మాకు వింతగా అనిపించలేదు. మా జక్కన చెక్కిన విగ్రహంలో కప్ప ఉందని కన్నకొడుకే పట్టుకుంటే కుడిచెయ్యి నరుక్కున్నాడని మేం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. శిల్పి అన్నాక ఆమాత్రం రోషం ఉండాలని మా నమ్మకం కూడా. కాబట్టి నేనూ నమ్మేశాను, ఊరి నుంచి వచ్చిన చుట్టాలందరికీ మీ ముందు నిలబెట్టి చెప్పాను కూడా.

కానీ సైమండ్స్ గారు మీరు వెలిసిన తరవాత ఇంకో 43 ఏళ్ళు శుభ్రంగా బతికారు. పోయింది 1929లో, ఎనభై దాటాక. ఆయన సింహాల్ని దగ్గర నుంచి గమనించి మరీ మిమ్మల్ని మలిచారు, మీ కాళ్ళు పడాల్సిన చోటే పడ్డాయి. పైగా ఆయనది ఈ ఊళ్ళో బీరు తయారుచేసే కుటుంబం. వయసు మీద పడ్డాక ఆ కంపెనీకి చైర్మన్‌గా కూర్చున్నారు. సిగ్గుతో చచ్చిపోయిన మనిషి బీరు వ్యాపారం చూసుకోవడం చరిత్రలో అరుదు. ఈ ముక్కే మా పక్కింటావిడకి చెప్పాను. ఆవిడ టీ కప్పు కిందపెట్టి, "అయ్యుండొచ్చు. కానీ ఆయన చచ్చిపోతేనే కథ బాగుంటుంది" అంది.

ఒప్పుకోక తప్పలేదు.

పోయినేడు మా అత్తగారు వచ్చారు. మీ ముందు నిలబడి, చుట్టూ తిరిగి, వెనక్కి కూడా వెళ్ళి చూసొచ్చి, "అమ్మాయ్, సింహం సరే, అమ్మవారేదీ?" అన్నారు. అమ్మవారు లేదండీ, ఇది అఫ్గానిస్తాన్‌లో బ్రిటిష్‌వాళ్ళు చేసిన యుద్ధం గుర్తు అన్నాను. "గెలిచారా?" అన్నారు. లేదండీ, ఓడిపోయారు. ఆవిడ మీ ముఖం వంక ఇంకోసారి చూశారు. ఓడిపోయినవాళ్ళకి ఇంత కోపమేమిటని ఆవిడ సందేహం. నేను సర్దిచెప్పాను లెండి. ఓడిన యుద్ధాన్ని గొప్పగా చెప్పుకోవడం మాకూ అలవాటే, 1757 నాటి బొబ్బిలిని బుర్రకథల్లో ఇప్పటికీ గెలిపించుకుంటూనే ఉన్నాం.

ఆ రోజే మీ పీఠం మీది రాత తీరిగ్గా చదివాను. అంతకుముందు ఫొటోలు తీసుకోవడానికే టైము సరిపోయింది. లెక్కలన్నీ రోమన్ అంకెల్లో ఉన్నాయి. మా అత్తగారి ముందు పరువు పోకూడదని వేళ్ళు మడిచి లెక్కగట్టాను. 66వ బార్క్‌షర్ రెజిమెంటుకి చెందిన 11 మంది అధికారులు, 318 మంది కింది హోదాలవాళ్ళు, వెరసి 329 మంది. గిరిష్క్‌లో, మైవాండ్‌లో, కాందహార్‌లో, 1879-80 అఫ్గాన్ దండయాత్రలో తమ దేశం కోసం ప్రాణాలిచ్చారని రాశారు. తమ దేశం కోసం! హెల్మండ్ నది ఒడ్డున! బార్క్‌షర్ సరిహద్దు అంత దూరం పాకిందని మాకు భూగోళం పాఠంలో చెప్పలేదు. పాపం, పేర్లు చూస్తే మామూలు పల్లెటూరి పేర్లు. దండయాత్ర ఎవరిదైనా పోయింది వాళ్ళ పిల్లలే. అందుకు మిమ్మల్ని తప్పుపట్టను. చనిపోయిన మామూలు సిపాయిల పేర్లు కూడా చెక్కించిన ఊరు మెచ్చుకోదగ్గదే.

నా పేచీ అంతా మిగతా లెక్క దగ్గర. 1880 జులై 27న మైవాండ్ మైదానంలో అఫ్గాన్ నాయకుడు అయూబ్ ఖాన్ సేనకి బ్రిటిష్ పక్షాన ఎదురు నిలిచింది సుమారు 2,500 మంది. అందులో 66వ రెజిమెంటు ఒక ముక్క. మిగిలిన వాళ్ళలో అత్యధికులు బొంబాయి సైన్యం వాళ్ళు, అంటే బ్రిటిష్ కొలువులోని మన దేశపు సిపాయిలు. ఒకటో బొంబాయి గ్రెనడియర్లు, జేకబ్స్ రైఫిల్స్ అని పేరున్న 30వ బొంబాయి నేటివ్ ఇన్‌ఫంట్రీ, కందకాలు తవ్వి దారులు వేసే బొంబాయి సాపర్లు, ఆశ్వికదళాలు. ఆ మండుటెండలో, మంచినీళ్ళు కరువైన చోట, ఒక్క రోజులో దాదాపు 970 మంది పోయారు. అందులో మీ బార్క్‌షర్ వాళ్ళు మూడు వందల లోపే. మిగతా ఆరొందల పైచిలుకు ఎవరయ్యా? పీఠం చుట్టూ రెండుసార్లు తిరిగాను. గుళ్ళో ప్రదక్షిణ అలవాటు కాబట్టి కష్టమనిపించలేదు. ఒక్క పేరూ దొరకలేదు.

మీరేమంటారో ఊహించగలను. "అమ్మా, నేను 66వ రెజిమెంటు సింహాన్ని, నా పరిధి అంతవరకే" అంటారు. సబబే. మా ఊళ్ళో ఆఫీసుల్లో కూడా ఇదే మాట చెప్పి పక్క బల్ల దగ్గరికి పంపిస్తారు. కాకపోతే అక్కడ పక్క బల్లంటూ ఒకటి ఉంటుంది.

సరే, మనుషుల సంగతి వదిలేద్దాం. ఆ రెజిమెంటుతో పాటు బాబీ అనే ఒక చిన్న కుక్క కూడా ఉంది. చివరి దాకా నిలబడి పోరాడిన పదకొండు మంది పక్కనే ఉండి మొరిగి, గాయపడి, ప్రాణాలతో బయటపడి, తనవాళ్ళని వెతుక్కుంటూ వచ్చి చేరింది. 1881లో విక్టోరియా రాణి దాన్ని తన ఆస్బర్న్ హౌస్ భవనానికి పిలిపించి స్వయంగా మెడలో పతకం కట్టింది. మరుసటేడు గాస్పోర్ట్‌లో గుర్రబ్బండి కింద పడి పోయింది. కాందహార్ ఫిరంగులు చేయలేని పని అద్దెబండి చేసింది. దాని చర్మంలో గడ్డి కూరి, పతకంతో సహా గాజుపెట్టెలో పెట్టారు. ఇప్పటికీ సాల్స్‌బరీలోని సైనిక మ్యూజియంలో చూసి రావచ్చు. నాకు బాబీ మీద ఏ అసూయా లేదు, అది నిజంగా ధైర్యమున్న కుక్క. కానీ జేకబ్స్ రైఫిల్స్ సిపాయి ఎవడైనా ఇది చదివితే, వచ్చే జన్మలో ఏమై పుట్టాలో వాడికి తేలిగ్గా అర్థమవుతుంది.

గెలిచినవాళ్ళకీ ఒక పేరు మిగిలింది. వెనకడుగు వేస్తున్న అఫ్గాన్లని మలాలయ్ అనే అమ్మాయి గట్టిగా పిలిచి నిలబెట్టిందని వాళ్ళ కథ. మీ పీఠం మీద ఆమెకి చోటుండదని తెలుసు. అయినా చూడండి, ఆ పేరే పెట్టుకున్న మలాలా యూసఫ్‌జాయ్, తలకి తూటా తగిలాక, వైద్యం కోసం బ్రిటన్‌కే వచ్చి, ఇక్కడే చదువుకుని, నోబెల్ కూడా తీసుకుంది. మీరు కోరలు చూపిస్తూనే ఉన్నారు, ఆ పేరు మాత్రం పాస్‌పోర్టుతో లోపలికి వచ్చేసింది.

మీ ఇరుగుపొరుగు కూడా తక్కువవాళ్ళు కారు. మీరు నిలబడ్డ నేలే ఒకప్పటి మఠం వాకిలి. 1121లో మొదటి హెన్రీ రాజు కట్టించి, చనిపోయాక ఇక్కడే పూడ్చిపెట్టించుకున్నాడు. 1539లో ఎనిమిదో హెన్రీ ఆ మఠాన్ని మూయించి, దాని పెద్దని ఉరితీయించి, ముక్కలు చేయించాడు. రాళ్ళు ఎవరికి అందినవి వాళ్ళు పట్టుకెళ్ళారు. ఈ గొడవలో మొదటి హెన్రీ గారి సమాధి ఎక్కడుందో గల్లంతయింది. 2012లో లెస్టర్‌లో మూడో రిచర్డ్ రాజు ఎముకలు కారు పార్కింగ్ కింద దొరికేసరికి రెడింగ్‌కి కూడా ఆశ పుట్టింది. మన రాజు మాత్రం ఏం తక్కువ తిన్నాడని రాడార్ పెట్టి వెతికారు. మా వీధిలో పార్కింగ్ దొరకనప్పుడల్లా నాకు రాజులే గుర్తొస్తారు.

మీకు కూతవేటు దూరంలో జైలు. 1895 నుంచి 1897 దాకా రచయిత ఆస్కార్ వైల్డ్‌ని ఉంచింది అందులోనే. లోపల ఆయనకి పేరు లేదు, గది నంబరు సి.3.3 తోనే పిలుపు. ఇప్పుడు జైలు ఖాళీ. ఆయన పేరు చెప్పి గోడ బయట ఫొటోలు దిగుతున్నారు.

జైలు పక్కన బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉండేది. హంట్లీ అండ్ పామర్స్. 1822లో చిన్న దుకాణంగా మొదలై, ఒక దశలో అయిదు వేల మందికి పైగా పనిచేసిన కంపెనీ. దక్షిణ ధ్రువానికి బయల్దేరిన కెప్టెన్ స్కాట్ బండ్ల మీద కూడా వీళ్ళ బిస్కెట్లే. ఊరి ఫుట్‌బాల్ జట్టుని బిస్కెట్‌మెన్ అనేవారు. 1970లలో ఇక్కడ పొయ్యిలు ఆరిపోయాక జట్టు పేరు రాయల్స్ అయిపోయింది. పని పోయినవాళ్ళకి రాజరికం ఇవ్వడమంటే ఇదే. మా పక్కింటావిడ అక్కడే ప్యాకింగ్‌లో చేసేది. గాలి ఎటు వీస్తే అటు వీధులన్నీ కమ్మగా ఉండేవట. వాసన పట్టి ఆ రోజు ఏ రకం కాలుస్తున్నారో చెప్పేసేదట. విరిగిన బిస్కెట్లు సంచీల్లో చవగ్గా అమ్మేవారు. "మా ఇంట్లో నిండు బిస్కెట్టు చూసింది క్రిస్మస్‌కే" అంటుంది. ఆ బిస్కెట్ల రేకు డబ్బాలు రెడింగ్ మ్యూజియంలో అద్దాల వెనక మెరుస్తున్నాయి. డబ్బాలు నింపిన ఆడవాళ్ళ పేర్లు ఏ డబ్బా మీదా లేవు.

ఆ మ్యూజియంలోనే నాకిష్టమైన వస్తువు ఒకటుంది. మొదటి హెన్రీ గారి నాన్న విలియం ఇంగ్లండ్‌ని ఎలా పట్టుకున్నాడో గుడ్డ మీద బొమ్మలు కుట్టి చెప్పే బేయూ టేపెస్ట్రీకి నకలు. స్టాఫర్డ్‌షర్‌లోని లీక్ అనే ఊరి ఆడవాళ్ళు 1885-86లో మొత్తం కుట్టేశారు. అసల్లో ఉన్న దిగంబరికి నకల్లో చడ్డీ ఉంది. అది విక్టోరియా రాణి కాలం, సూదికి కూడా సిగ్గుండాలి. కానీ ఆ ఆడవాళ్ళు ఇంకో పని కూడా చేశారు. ఎవరు కుట్టిన ముక్క కింద వాళ్ళ పేరు వాళ్ళే దారంతో కుట్టుకున్నారు. ఏ కమిటీనీ అడగలేదు, ఏ పీఠం కోసమూ ఎదురుచూడలేదు. సరిగ్గా మిమ్మల్ని పోత పోస్తున్న రోజుల్లోనే ఆ పనీ జరిగింది.

ఒక్క విషయంలో మాత్రం నాకు వ్యంగ్యం రాదు. 2020 జూన్‌లో ఒక శనివారం సాయంత్రం, ఈ తోటలోనే, గడ్డిలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్న ముగ్గురు స్నేహితుల్ని పొడిచి చంపారు. ఆ ముగ్గురి పేర్లనీ ఈ ఊరు మర్చిపోలేదు.

ఇక నా విన్నపం. కొత్త సింహం అడగట్లేదు. ఏనుగూ అక్కర్లేదు. మీ పీఠం కింద, పావురాలు నడిచే ఎత్తులోనైనా సరే, ఒక చిన్న పలక చాలు. ఆ రోజు మైదానంలో పక్కన నిలబడ్డ పటాలాల పేర్లు, ఎంతమంది పోయారో ఒక అంకె. రోమన్ అంకెలైనా పర్వాలేదు, మాకిప్పుడు అలవాటయ్యాయి. ఖర్చంటారా, మా తెలుగు సంఘం ఉగాది లెక్కల్లో ఏటా కొంత మిగులుతుంది. దాని మీద ఏటా గొడవా మిగులుతుంది. రెండూ కలిపి మీకే ఇచ్చేస్తాం.

పలక పెట్టే రోజున మా పక్కింటావిడ రావడానికి ఒప్పుకుంది. ఆ చెక్కే మనిషి అక్షరదోషం చేస్తే ఏమవుతాడో ఇప్పటి నుంచే కథ సిద్ధం చేస్తోంది.

ఇట్లు,
పులిహోర డబ్బాల బ్యాచిలో ఒకావిడ

నకలు:
మొదటి హెన్రీ రాజు గారికి, కేరాఫ్ కారు పార్కింగ్ (స్థలం ఖరారయ్యాక బట్వాడా చేయవలెను)
బాబీ గారికి, గాజుపెట్టె, సాల్స్‌బరీ (సమాచారం నిమిత్తం)