మూడున్నర బస్సు వెళ్లిపోతే డిగ్రీ ఎట్లా?

పరీక్షల ఫలితాలు వచ్చాక ఏ కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లినా ఒకటే సీను. భుజాన కండువా, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్. పక్కన చదువు పూర్తిచేసుకున్న కూతురు. ‘ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదు పెద్దాయనా, మీరు కట్టేసి ఒరిజినల్స్ తీసుకెళ్లండి, గవర్నమెంట్ వేశాక తిరిగిస్తాం’ అంటాడు లోపలి మనిషి తలెత్తకుండా. ‘పాపకి సోమవారం జాయినింగ్ సార్’ అంటాడు ఈయన. ఇక మిగిలింది ఎవరి దగ్గరో నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవడమే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అది ఆ కిటికీ దాకా రాలేదు. కాలేజీలను మాత్రమే తిట్టి ఊరుకుందామంటే అదీ కుదరదు, ప్రభుత్వం డబ్బు వేయకపోతే లెక్చరర్లకు జీతాలు ఎక్కడినుంచి ఇస్తామని వాళ్లు అడుగుతారు, అందులో కొంత నిజం లేకపోలేదు. పార్టీలు మారాయి, పథకం పేరు మారింది, డబ్బు పడే ఖాతా కూడా మారింది, బకాయి మాత్రం బకాయిగానే ఉంది.

చదువు జీవితాలను మారుస్తుందని వేదికలెక్కి చెప్పేవాళ్లకు కొదవలేదు. మన దగ్గర అది ఉపన్యాసం కాదు, జరిగిన సంగతి. తండ్రి పోయాక ఒంగోలులో పూటకూళ్లు నడిపి కొడుకును చదివించిన తల్లి కథ ఇక్కడ అందరికీ తెలుసు. ఆ కొడుకు టంగుటూరి ప్రకాశం బారిస్టర్ చదువుకు 1904లో ఇంగ్లండు వెళ్లాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. నెల్లూరులో పొణకా కనకమ్మ 1923లోనే ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. ఇంట్లో పెళ్లి మాటలు తప్ప వేరే మాట లేని రోజులవి.

అయితే మాకు ఎప్పుడూ ముందు గుర్తొచ్చేది నెల్లూరు జిల్లాలోని దూబగుంట ఊరు. అక్కడ కాలేజీ లేదు, రాత్రి బడి ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో పొలం పనులు చేసుకొచ్చిన ఆడవాళ్లు లాంతరు వెలుగులో కూడబలుక్కుని చదివిన పాఠాల్లో సారా సంగతి ఉంది. చదివినది తమ ఇంటి కథే అని తెలిసిపోయింది. పుస్తకం మూసి పడుకోలేదు వాళ్లు, లేచి వెళ్లి ఊళ్లో సారా దుకాణం మూయించారు. రోశమ్మ లాంటి వాళ్లు ముందు నడిచారు, జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వలేదు, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది. అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లే ఇంత చేయగలిగితే, మూడేళ్లు కాలేజీకి వెళ్లొచ్చిన అమ్మాయి ఏం చేయగలదో ఊహించుకోవచ్చు.

ఊహ దాకా ఎందుకు, చూస్తూనే ఉన్నాం. ఉదయగిరి వైపో కనిగిరి వైపో ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్ల బ్యాంకులో ఫారం తనే నింపుతుంది, నాన్న పాస్‌బుక్కులో సర్వే నంబరు తప్పు పడిందని ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లి తనే అడుగుతుంది. పెళ్లి మూడేళ్లు వెనక్కి జరుగుతుంది. తర్వాత తమ్ముణ్ణి, చెల్లెల్ని ఏం చదివించాలో ఇంట్లో ఆమెనే అడుగుతారు. ఇదేదీ ఉద్యోగాల జీతం ప్యాకేజీ లెక్కల్లోకి రాదు. ఊరి మొదట్లో ర్యాంకుల ఫ్లెక్సీల మీద ఈ పిల్ల ఫోటో ఉండదు.

2035 నాటికి యాభై శాతం యువతను ఉన్నత చదువుల్లోకి తేవాలని జాతీయ విద్యా విధానం అంటోంది. మంచిదే. కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది, ఒంగోలులో ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. కానీ ఆ పడమటి మండలాల పిల్లకు విశ్వవిద్యాలయం కంటే ముందు అడ్డుపడేది బస్సు టైము. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు ఎక్కితే టికెట్ లేదు, దానికి ప్రభుత్వాన్ని మెచ్చుకోవాల్సిందే. అయితే ఊరికి పోయే బస్సు మూడున్నరకు, కాలేజీ వదిలేది నాలుగింటికి అయితే టికెట్ ఉచితమైనా ఒకటే, కాకపోయినా ఒకటే. రోజూ చివరి క్లాసు ఎగ్గొట్టిన పిల్ల సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు తప్పుతుంది, లేదంటే ఆటో కోసం చీకటి పడేదాకా రోడ్డు మీద నిలబడుతుంది. నాలుగు రోజులు అలా నిలబడితే ఇంట్లో ‘ఇంక చాల్లే’ అంటారు. ఆ మాట అన్న తండ్రిని మేం తప్పుపట్టలేం.

పక్కనే ప్రైవేటు కాలేజీ పసుపు బస్సు గడప దాకా వస్తుంది. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో సీట్లు ఖాళీగా ఉంటున్నాయని అధికారులు మీటింగుల్లో అంటుంటారు. గెస్ట్ లెక్చరర్ల మీద నడిపిస్తూ, ల్యాబ్ తలుపుకు తాళం వేసి, హాస్టల్ ఊరికి దూరంగా కట్టి, ఆపైన సీట్లు ఎందుకు నిండలేదంటే పిల్లలేం చెబుతారు?

మేం అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. కాలేజీలు తెరిచే లోపు ప్రతి డివిజన్లో ఆర్డీవో, ఆర్టీసీ డిపో మేనేజర్, ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాళ్లు ఒక పూట కూర్చుని, పిల్లలు ఏ ఊళ్లనుంచి వస్తున్నారో జాబితా ముందు పెట్టుకుని బస్సు టైములు సరిచేయాలి. దానికి జీవో అక్కర్లేదు, అమరావతి దాకా ఫైలూ అక్కర్లేదు. సర్టిఫికెట్లు ఆపిన కాలేజీల మీద వచ్చే ఫిర్యాదులకు కలెక్టరేట్లో, గ్రీవెన్స్ రోజునే, వేరే టేబుల్ పెట్టాలి. ఈ సంపాదకీయం కటింగును నెల్లూరు, ప్రకాశం ప్రాంత ఆర్టీసీ డిపోలకు పంపుతున్నాం. ఏ డిపో నుంచి జవాబు వచ్చినా ఇదే చోట వేస్తాం, రాకపోతే ఆ సంగతీ వేస్తాం.