సామాజిక మాధ్యమాలు నీటి బుడగలు కావు

ఒక వాదన కొన్నేళ్లుగా ఫోన్ల మధ్య తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "ఆర్కుట్ ఏమైంది? మైస్పేస్ ఏమైంది? ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల గతీ రేపు అంతే. ఇవన్నీ నీటి బుడగలు. వీటివల్ల సమాజంలో మారిందేమీ లేదు. అక్కడి స్నేహాలు స్నేహాలే కావు. అక్కడ రేగిన ఉద్యమాలు నాలుగు రోజుల ముచ్చట. వీటిని పట్టించుకోవలసిన పని లేదు." బాగా చదువుకున్నవారు కూడా దీన్ని ఒప్పుకుని పదిమందికీ పంపుతున్నారు. ఇందులో మొదటి మాటలో కొంత నిజముంది. మిగిలినదంతా తప్పు. చివరి మాట అయితే ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

మొదటి మాట నుంచే మొదలుపెడదాం. వేదికలు మూతపడతాయి, నిజమే. 2004 జనవరిలో పుట్టిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న ఆగిపోయింది. 2005లో 58 కోట్ల డాలర్లు పెట్టి కొన్న మైస్పేస్‌ను 2011లో సుమారు మూడున్నర కోట్లకు వదిలించుకున్నారు. 2003 నుంచి 2015 వరకు జనం ఆ సైటులో పెట్టుకున్న పాటలన్నీ సర్వర్లు మార్చే క్రమంలో పోయాయని 2019లో తేలింది. తమ పాట దాచుకోవడానికి మరో చోటు లేని కుర్రవాళ్లకు అది పూడ్చలేని నష్టం. దాన్ని నేను తక్కువ చేయను.

అయితే వేదిక పోయినంత మాత్రాన అక్కడ మొదలైన పని పోదు. అమెరికాలో తరానా బర్క్ అనే సామాజిక కార్యకర్త లైంగిక హింసకు గురైన బాలికల కోసం 'మీ టూ' (నేను కూడా) అన్న మాటను 2006లో అదే మైస్పేస్‌లో వాడుకలోకి తెచ్చారు. మైస్పేస్‌ను జనం మరిచిపోయారు. ఆ మాట 2017 అక్టోబరులో ప్రపంచమంతా మారుమోగింది. మరుసటి ఏడాది అక్టోబరులో మన దేశంలో లైంగిక వేధింపుల ఆరోపణలు రావడంతో కేంద్ర సహాయ మంత్రి ఎం.జె.అక్బర్ రాజీనామా చేశారు. తనపై ఆరోపణ చేసిన పాత్రికేయురాలు ప్రియా రమణి మీద ఆయన వేసిన పరువునష్టం కేసును 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు కొట్టివేసింది. దశాబ్దాలు గడిచిన తర్వాతైనా, తనకు నచ్చిన ఏ వేదిక మీదైనా తన బాధ చెప్పుకునే హక్కు స్త్రీకి ఉందని ఆ తీర్పు చెప్పింది. ఇది నిలిచేది కాకపోతే మరేది నిలుస్తుంది?

తెలుగువారి అనుభవంలోనే ఇంకా పాత ఉదాహరణ ఉంది. ఫేస్‌బుక్ పుట్టడానికి చాలా ముందే, 1990లలో, అమెరికాలోని తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు యూజ్‌నెట్ అనే నాటి ఇంటర్నెట్ చర్చావేదికల్లో కలుసుకునేవారు. తెరమీద తెలుగు లిపి కనిపించని రోజులవి. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో ఒక క్రమంలో రాసే పద్ధతి వారికి అవసరమైంది. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతి ఆ అవసరాన్ని తీర్చి వాడుకలోకి వచ్చింది. నేడు ఆ చర్చావేదికల పేరు కూడా చాలామందికి తెలియదు. ఆ పద్ధతి మాత్రం తర్వాత వచ్చిన లేఖిని వంటి తెలుగు టైపింగ్ ఉపకరణాల్లోకి, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో తెలుగు టైపు చేసే ఏర్పాటులోకి వచ్చి చేరింది. ఇంగ్లిషు కీబోర్డు మీద ఒక్కో అక్షరం నొక్కుతూ తెలుగు రాయడం నేర్చుకున్న వేలమంది ఆ పాత స్నేహబృందాలకు రుణపడి ఉన్నారు. ఒకరికొకరు ముఖాలు తెలియని మనుషులు మాట్లాడుకోవడం వల్ల ఒక భాషకు ఇంత మేలు జరిగితే దాన్ని కాలక్షేపం అనడం అన్యాయం.

ఇక, సమాజంలో మారిందేమీ లేదన్న మాట. ఈ మాట అనేవారు 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో జరిగినది గుర్తు చేసుకోవాలి. శివసేన స్థాపకుడు బాల్ ఠాక్రే మరణించినప్పుడు ముంబై మూతపడింది. ఎందుకు మూయాలని ఒక యువతి ఫేస్‌బుక్‌లో ప్రశ్నించింది. ఆమె స్నేహితురాలు దాన్ని లైక్ చేసింది. పోలీసులు ఇద్దరినీ అరెస్టు చేశారు. ఆ యువతి బంధువు నడిపే ఆసుపత్రి మీద గుంపు దాడి చేసింది. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్ అప్పట్లో అంత పదునుగా ఉండేది. చికాకు కలిగించిందనో, అసౌకర్యం కలిగించిందనో చెప్పి ఏ రాతకైనా మూడేళ్ల వరకు జైలుకు పంపవచ్చు.

ఆ అరెస్టులు చూసి శ్రేయా సింఘాల్ అనే న్యాయశాస్త్ర విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్లింది. కేసు నడుస్తుండగానే, 2013లో, హైదరాబాదుకు చెందిన ఒక పౌరహక్కుల నాయకురాలిని ఫేస్‌బుక్ రాత మీద ఇదే సెక్షన్ కింద అరెస్టు చేశారు. ఆ సందర్భంలో, ఉన్నతస్థాయి పోలీసు అధికారి అనుమతి లేకుండా ఈ సెక్షన్ కింద ఎవరినీ అరెస్టు చేయరాదని కోర్టు స్పష్టం చేసింది. చివరకు 2015 మార్చి 24న కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం 66ఎను పూర్తిగా కొట్టేసింది. భావప్రకటన స్వేచ్ఛ మీద ఈ దేశంలో వచ్చిన గొప్ప తీర్పుల్లో అదొకటి. కొట్టేసిన సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021 జులైలో అదే కోర్టు దిగ్భ్రాంతి వ్యక్తం చేయవలసి వచ్చిందన్నదీ నిజమే. హక్కు కాగితం మీద గెలిచాక దాన్ని పోలీసుస్టేషన్ దాకా తీసుకెళ్లే పని మిగిలే ఉంది. కానీ రెండు వాక్యాల రాత, ఒక లైక్ కలిసి ఒక చట్టాన్ని న్యాయస్థానం ముందు నిలబెట్టాయన్న సంగతిని ఎవరూ కాదనలేరు.

అక్కడి స్నేహాలు స్నేహాలు కావన్న దానికి పెద్ద వివరణ అక్కరలేదు. ప్రాణస్నేహితులు ఇచ్చేది వేరు, ముఖపరిచయాలు ఇచ్చేది వేరు. 1973లోనే మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవారిని అడిగి చూశారు. తరచూ కలిసే మనిషి ద్వారా దొరికినవారు వారిలో ఆరోవంతు మాత్రమే. మన దగ్గరివారికి తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి. కొత్త కబురు దూరపు పరిచయం నుంచే వస్తుంది. ఉద్యోగ పరిచయాల వేదిక లింక్డ్‌ఇన్‌లో దాదాపు 2 కోట్ల మంది సభ్యులను పరిశీలించి 2022లో వెలువడిన అధ్యయనం కూడా ఇదే దారిలో నడిచింది. కోవిడ్ విజృంభించిన 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ సిలిండరు కోసం, ఆసుపత్రిలో పడక కోసం ట్విటర్‌లో అడిగినవారికి జవాబిచ్చినది ఎక్కువగా ముక్కూమొహం తెలియనివారే. అలా సాయం అడిగిన పౌరుల మీద చర్యలు తీసుకుంటే కోర్టు ధిక్కారంగా భావిస్తామని సుప్రీంకోర్టు ఆ ఏప్రిల్ 30న హెచ్చరించింది.

ఉద్యమాల సంగతికి వస్తే, ఈజిప్టును చూపించి వెక్కిరించడం అలవాటైపోయింది. 2011 ఫిబ్రవరి 11న అధ్యక్షుడు ముబారక్ దిగిపోయాడు, 2013లో సైన్యం మళ్లీ గద్దె చేజిక్కించుకుంది, కనుక ఫేస్‌బుక్ వల్ల ఒరిగిందేమీ లేదంటారు. జనాన్ని కూడదీయడం ఒక పని, రాజ్యాన్ని నడపగల సంస్థలను కట్టడం మరో పని. మొదటిదానికి పనికొచ్చిన సాధనం రెండోది చేసిపెట్టలేదని నిందిస్తే ఎలా? ఆ జనవరి చివర్లో ముబారక్ ప్రభుత్వం దేశమంతటా ఇంటర్నెట్‌ను దాదాపు ఐదు రోజులు ఆపేసింది. ప్రభావం లేనిదాన్ని ఆపడానికి ఏ పాలకుడూ అంత నష్టం భరించడు.

"పట్టించుకోవలసిన పని లేదు" అన్న మాట మీద నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయన్న పుకారు వాట్సాప్‌లో పాకింది. మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో జులై 1న గుంపు ఐదుగురిని కొట్టి చంపింది. తెలంగాణలోనూ ప్రాణాలు పోయాయి. అప్పట్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఈ వదంతులను పట్టించుకున్నారు. పల్లెలకు పోలీసులను పంపారు, జానపద కళాకారులతో పాటలు పాడించి జనానికి నచ్చజెప్పారు. వాట్సాప్ సంస్థ కూడా ఆ జులైలోనే, మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేసింది. ఇదంతా ప్రభావం ఉందని ఒప్పుకున్నాక తీసుకున్న చర్యే.

ఒప్పుకోవడం ఆలస్యమైన చోట ఏం జరిగిందో మయన్మార్ చెబుతుంది. అక్కడి మైనారిటీ ముస్లింలైన రోహింగ్యాల మీద ద్వేషం ఫేస్‌బుక్‌లో ఏళ్ల తరబడి పారింది. 2015 తొలినాళ్లలో అభ్యంతరకర రాతలను పరిశీలించేవారిలో బర్మా భాష తెలిసినవారు ఇద్దరే. 2017లో ఏడు లక్షల మందికి పైగా ప్రాణాలు అరచేత పట్టుకుని బంగ్లాదేశ్‌కు పారిపోయారు. తాము చేయవలసినంత చేయలేదని ఆ సంస్థ 2018 నవంబరులో ఒప్పుకుంది. మన దేశంలో 50 లక్షలకు మించి సభ్యులున్న వేదిక ఫిర్యాదుల అధికారిని ఇక్కడే నియమించాలని, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలియజేయాలని, నిర్ణీత గడువులో పరిష్కరించాలని 2021 నియమాలు చెబుతున్నాయి. తెలుగులో వచ్చే బెదిరింపులను, పుకార్లను తెలుగు తెలిసినవారు ఎందరు చదువుతున్నారో ఆ సంస్థలు లెక్క చెప్పాలి. ఆ లెక్క ఏటా బయటపెట్టాలని ప్రభుత్వాలు వాటిని నిలదీయాలి.