రాగిరేకు మీద పాట ఉంది, వరస లేదు

మే నెలలో తిరుపతి వెళ్ళాను. గంగజాతర ముగిసిన మర్నాడు, ఎండకు తలుపులు మూసుకుని కూర్చుని, హంగేరీ స్వరకర్త బేలా బార్టోక్ 'రొమేనియన్ జానపద నృత్యాలు' ఆర్కెస్ట్రా రికార్డింగ్ పెట్టాను. ఆరు చిన్న ముక్కలు, అన్నీ కలిపి ఆరేడు నిమిషాలు. మూడోదాంట్లో కింద ఒకే శ్రుతి నిలిచి ఉంటే, దాని మీద పికోలో అనే సన్నటి వేణువు ఒంటరిగా పలుకుతుంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"గొర్రెలు కాసేవాళ్ళ పిల్లనగ్రోవి మాదిరుందే. ఎవరిదిరా ఇది?"

అమ్మ అడిగినదానికి జవాబుంది. 1904లో పిల్లల్ని చూసుకునే లిడి డోషా అనే ట్రాన్సిల్వేనియా అమ్మాయి పాడుకుంటుంటే బార్టోక్ చెవిన పడింది. ఆ తర్వాత ఆయనా, స్నేహితుడు కొడాయ్ గొంతును పట్టే ఎడిసన్ ఫోనోగ్రాఫ్ యంత్రం, మైనం సిలిండర్లు మోసుకుంటూ పల్లెలు తిరిగారు. పాడినవాళ్ళ పేరు, వయసు, ఊరు రాసుకున్నారు. అలా దొరికిన వరసలతోనే ఈ నృత్యాలు 1915లో పియానోకు, 1917లో ఆర్కెస్ట్రాకు వచ్చాయి. అంటే వరస దొరికాకే ఆర్కెస్ట్రా వచ్చింది.

మన తెలుగు సంఘంలో కూడా జానపదాలను ఆర్కెస్ట్రాతో చేయిద్దామనే మాట నడుస్తోంది. చేయాల్సిందే. కానీ వాయించేవాళ్ళకు ఏ వరస ఇస్తాం? సినిమాలో విన్నదేనా?

అన్నమయ్య (1408–1503) సువ్వి, గొబ్బి, జాజర, లాలి అన్నీ జనం నోటినుంచే అందుకున్నాడు. ఆయన కీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద వేల సంఖ్యలో మిగిలాయి. రేకు మీద మాటలున్నాయి, రాగం పేరుంది. వరస లేదు. ఈరోజు మనం కళ్ళు మూసుకుని వినేవాటిలో చాలా బాణీలు గత వందేళ్ళలో పెద్ద విద్వాంసులు కట్టినవే. వాళ్ళకు దండం పెడతాను. అయినా ఆ రోజుల్లో రోకటిపోటుకు సువ్వి ఎలా పాడేవాళ్ళో ఇక ఎవరూ వినలేరు. నాకు ఈ నష్టం తలుచుకున్నప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

చిత్తూరు పల్లెల్లో భారతం జరిగితే ఇప్పటికీ పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషగాడు తపసుమాను, అంటే తపస్సు ఘట్టానికి నాటిన పొడవాటి మాను, పాడుతూనే ఎక్కుతాడు. నలుగు పాటలు, నాట్ల పాటలు తెలిసిన అవ్వలు ఇంకా ఉన్నారు. అందుకే అడుగుతున్నాను: ఈసారి ఊరికి వెళ్ళే ప్రతి కుటుంబం ఒక్క పాటైనా ఫోన్‌లో రికార్డు చేసి తేవాలి. మాటలు రాసుకొస్తే చాలదు, గొంతు కావాలి. పాడినవాళ్ళను అడిగి, ఒప్పుకుంటేనే వాళ్ళ పేరూ ఊరూ జతచేయాలి. ఆర్కెస్ట్రా వేదికెక్కిన రోజున ఆ పేర్లు కూడా చదవాలి.

నేను అమ్మతోనే మొదలుపెట్టాను. మా అవ్వ పాడిన నలుగు పాట. మూడో చరణం దగ్గర ఆగిపోయి, పలమనేరులో ఉన్న పెద్దమ్మకు ఫోన్ చేసింది. "అక్కా, పసుపు తర్వాత ఏమొస్తాది?" అవతల పెద్దమ్మ పాడటం మొదలుపెట్టింది. ఇవతల అమ్మ అందుకుంది. రికార్డింగ్‌లో ఆ భాగం తీసేయలేదు.