చీరమేను పగడపు దిబ్బల చేప కాదు

వరద తీసి తూర్పుగాలి మొదలయ్యాక గోదావరి మొగల్లో, అంటే నది సముద్రంలో కలిసే చోట్ల, వలలకు పడే చీరమేను అనే బుల్లి చేపల గురించి యానాం, కోనసీమ ప్రాంతాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. చీరమేను చేప పిల్ల కాదట. పగడపు దిబ్బల్లో బతికే, ప్రపంచంలోకెల్లా చిన్నదైన పారదర్శక చేప అదేనట. దాని ఆయుష్షు 59 రోజులే కాబట్టి ఎంత పట్టినా నష్టం లేదట.

సందేశంతో పాటు వస్తున్న బొమ్మ షిండ్లేరియా అనే చేపది. ఆ చేప నిజంగానే ఉంది. అందులో బ్రెవిపింగ్విస్ అనే జాతిని ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ నుంచి సేకరించిన నమూనాల ఆధారంగా 2004లో శాస్త్రజ్ఞులు వర్ణించారు. మగది సుమారు 7 మిల్లీమీటర్లు, ఆడది 8 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది. ఒంటి మీద పొలుసులు ఉండవు. కళ్లకు తప్ప శరీరంలో ఎక్కడా రంగు ఉండదు. వెలుతురును పట్టుకోవలసిన కంటిపొర పారదర్శకమైతే చూపే ఉండదు కనుక కళ్లు మాత్రం నల్లగా కనిపిస్తాయి. పెద్దదైనా పిల్ల రూపంలోనే ఉండిపోయి, ఆ రూపంలోనే గుడ్లు పెట్టడం ఈ చేప ప్రత్యేకత.

సందేశం రాసినవారు పొరబడింది సరిగ్గా ఇక్కడే. పిల్లలా కనిపించే పెద్ద చేప ఒకటి ఉన్నంత మాత్రాన, పిల్లలా కనిపించే ప్రతిదీ పెద్ద చేప అయిపోదు. సముద్రపు చేపలలో చాలా వాటి పిల్లలు తొలి దశలో పారదర్శకంగానే ఉంటాయి. రంగు కణాలు ఏర్పడి, కండ పట్టేకొద్దీ ఆ లక్షణం పోతుంది. చీరమేను అటువంటి పిల్లల గుంపు. గుడ్లతో ఉన్న ఆడ షిండ్లేరియాను వెలుగుకు పట్టి చూస్తే ఒంట్లోని గుడ్లు బయటికే కనిపిస్తాయి. ఇంకా ఈడుకు రాని చీరమేనులో గుడ్లు ఉండవు.

నివాసం సంగతి చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. పగడాలకు తేటనీరు, ఎండ, నిలకడైన ఉప్పదనం కావాలి. గౌతమి, వసిష్ఠ పాయలు ఏటా వరదలో మోసుకొచ్చే ఒండ్రుకు, మంచినీటికి మన మొగల్లో పగడపు దిబ్బ నిలవదు. ఇక్కడున్నవి బురదమేటలు, కోరింగ మడ అడవులు. వాటి నీడన పెరిగే చేపపిల్లల లోకం వేరు.

ఇక 59 రోజుల లెక్క అసలు షిండ్లేరియాది కానే కాదు. అది పగడపు దిబ్బల్లోనే బతికే ఎవియోటా సిగిల్లాటా అనే మరో బుల్లి చేపది (మరుగుజ్జు గోబీ). 2005లో ప్రచురితమైన ఆ పరిశోధన ప్రకారం, ఆ చేప పిల్లగా మూడు వారాలు విశాల సముద్రంలో తిరిగి, దిబ్బకు చేరి, ఒకటి రెండు వారాల్లో ఈడుకొచ్చి, మిగిలిన మూడున్నర వారాల్లోనే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లను మగచేప కాపలా కాస్తుంది. అంత కొద్ది ఆయుష్షులోనూ సంతానం కనే అవకాశం దానికి దక్కుతోంది. మొగలో వలకు చిక్కిన చీరమేనుకు ఆ అవకాశమే దక్కదు.

పైగా కొద్దికాలం బతికేవాటిని పడితే నష్టం లేదన్న వాదన పగడపు దిబ్బల విషయంలో కూడా నిలవదు. దిబ్బ మీద ఇతర జీవులకు ఆహారమయ్యే చేప మాంసంలో దాదాపు 60 శాతం ఇటువంటి బుల్లి చేపల నుంచే వస్తుందని 2019లో ఒక అధ్యయనం అంచనా వేసింది. అవి త్వరగా చనిపోవడమంటే ఊరికే పోవడం కాదు, పెద్ద చేపల కడుపు నింపడం.

చీరమేను వేపుడును, గారెలను ఇష్టపడేవారిని నేను తప్పుపట్టను. ఆ కొద్ది వారాల వేట మీద ఆధారపడిన కుటుంబాలను అసలే తప్పుపట్టను. ఎంత పట్టవచ్చు, ఎప్పుడు ఆపాలి అన్నది వేటకు వెళ్లేవారితో కూర్చుని తేల్చుకోవలసిన విషయం. ఆ చర్చ మొదలుకావాలంటే, గ్లాసులతో కొలిచి అమ్ముతున్నవి ఒక్కసారి కూడా గుడ్లు పెట్టని పిల్లలని ముందుగా ఒప్పుకోవాలి.