మూడు జిల్లాల మధ్య ఇల్లందు

ఉప్పల్‌లో మా పక్క పోర్షన్‌లో ఉండే పెద్దాయన ముంజేతి మీద నల్లటి గీత ఒకటి ఉంటుంది. చాలాకాలం పచ్చబొట్టే అనుకున్నాను. ఎప్పుడో బొగ్గు బాయిలో (గనిలో) చెయ్యి గీసుకుపోతే గాయంలోకి బొగ్గు పొడి దిగి, తోలు దాని మీదే మూసుకుందట. కొడుకు దగ్గర ఉంటున్నా ఓటు ఇల్లందులోనే ఉంచుకున్నాడు. పోలింగ్ ముందురోజు ఎంజీబీఎస్‌లో బస్సెక్కుతాడు. ఎవరికేశావంటే నవ్వుతాడు. "ఎవరికేసినా గెలిచినంక ఆడ్నే ఉంటడా బిడ్డా?"

ఊరికే అన్న మాట కాదది. 2014లో ఇల్లందులో కాంగ్రెస్ నుంచి గెలిచిన కోరం కనకయ్య టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2018లో ఆయన్ని ఓడించి కాంగ్రెస్ అభ్యర్థి బానోత్ హరిప్రియను గెలిపిస్తే ఆమే టీఆర్ఎస్‌కు వెళ్లారు. 2023లో మళ్లీ ఆ ఇద్దరే, జెండాలు తారుమారు. కనకయ్య గెలిచారు. ఓటరు మాత్రం మూడుసార్లూ చెయ్యి గుర్తే నొక్కాడు.

ఇదే సీటు నుంచి కమ్యూనిస్టు నేత గుమ్మడి నర్సయ్య ఐదుసార్లు గెలిచారు. బస్సులో అసెంబ్లీకి వచ్చేవారని ఆయన నిరాడంబరత గురించి అందరం రాస్తాం. ఆయన వెనకున్న కార్మిక సంఘాల గురించి రాసేది తక్కువ. నా దృష్టిలో ఇల్లందు పోగొట్టుకున్నది ఆ బలాన్నే. 1889లో సింగరేణి తవ్వకం మొదలైన ఊరిది. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి, కార్మికులు వేరే ఏరియాలకు బదిలీ అయ్యారు. మిగిలిన ఓపెన్‌కాస్టుల్లో, అంటే పైనుంచి తవ్వే గనుల్లో, యంత్రాలదే పని, మట్టి తీసేది కాంట్రాక్టు మనుషులు. కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే గుర్తింపు సంఘం ఎన్నికల్లో వాళ్లకు ఓటే లేదు.

పైగా 2016లో జిల్లాలు విడదీశాక ఈ ఒక్క నియోజకవర్గం మూడింటికి చెదిరింది. ఇల్లందు, టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడెంలో, కామేపల్లి ఖమ్మంలో, గార్ల, బయ్యారం మహబూబాబాద్‌లో. గనుల ప్రభావిత ప్రాంతాలకు ఖర్చుపెట్టాల్సిన ఖనిజ నిధి జిల్లాల వారీగానే ఉంటుంది. అంటే ఎమ్మెల్యే ఒక్కరు, తిరగాల్సిన కలెక్టరేట్లు మూడు. పార్లమెంటుకొస్తే సింగరేణి కేంద్రం కొత్తగూడెం ఖమ్మం సీటులో ఉంటే, ఇల్లందు మహబూబాబాద్‌లో ఉంది.

పెద్దాయనకొచ్చేది 1998 నాటి బొగ్గు గనుల పింఛను పథకం డబ్బు. ధరలు పెరిగితే పెరిగేది కాదు. మార్చాల్సింది కేంద్రం, అడగాల్సింది ఎంపీ. ఆ ఎంపీ కింద ఏడు అసెంబ్లీ సీట్లున్నాయి, బొగ్గు బాధ తెలిసినవి ఇల్లందు, పినపాక.