ముందు పిల్లి, తర్వాత పంది

రాక్ బ్యాండ్‌లో పాత సింగర్ వెళ్లిపోయాక ఆ మైక్ ముందు కొత్తవాడు నిలబడటమంటే మాటలు కాదు. నా మొదటి షో నాటికి నేను చేరి 11 రోజులు. ఆ 11 రాత్రులూ నిద్రపట్టక, ఫోన్‌లో నాలాంటి వాళ్ల కథలే వెతుక్కుని చదివాను. 1980 ఫిబ్రవరిలో సింగర్ బాన్ స్కాట్ చనిపోతే ఏసీ/డీసీ అనే రాక్ బ్యాండ్‌లోకి బ్రయాన్ జాన్సన్ వచ్చాడు, జులైకల్లా కొత్త ఆల్బం బయటికొచ్చేసింది, ప్రపంచంలో అతి ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్‌ల్లో అదొకటి. 2007లో జర్నీ అనే బ్యాండ్ వాళ్లయితే యూట్యూబ్‌లో వీడియోలు చూసి కొత్త సింగర్‌గా ఆర్నెల్ పినేడాని పట్టుకున్నారు. వాళ్లకి జరిగింది మనకెందుకు జరగదు అని ధైర్యం చెప్పుకున్నాను. కానీ ఆ కథలు రాసినవాళ్లెవరూ సెట్‌లిస్ట్ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు.

సెట్‌లిస్ట్ అంటే తెలుసుగా, ఆ రోజు ఏ పాట తర్వాత ఏ పాటో రాసి స్టేజీ మీద మన కాళ్ల దగ్గర నల్ల టేపుతో అంటించే కాగితం. దాని దగ్గరికి వస్తాను, ముందు సౌండ్‌చెక్ సంగతి, అంటే షోకి ముందు మైకులూ వాయిద్యాలూ సరిచూసుకునే తంతు సంగతి చెప్పాలి.

సాయంత్రం ఖాళీ హాల్లో డ్రమ్మర్ అన్న కర్రలు పట్టుకుని మొదలుపెట్టాడు. రిహార్సల్ గదిలో ఆయన వాయించినది వేరు, ఇది వేరు. నా వెనక ఎవరో రేకుల షెడ్డు కూలగొడుతున్నట్టుంది. నాకు తెలియకుండానే గొంతు చించుకోవడం మొదలుపెట్టాను. మూడో చరణానికి గొంతులో గరుకు. అవతలి నుంచి సౌండ్ ఇంజనీర్ పరిగెత్తుకొచ్చి, "బాబూ, నువ్వు అరవక్కర్లేదు, మైక్ పెట్టింది అందుకే" అన్నాడు. చుట్టూ మోత ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు, దాన్ని లొంబార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ 1911లోనే రాసి పెట్టాడట, పెళ్లిలో బ్యాండు మేళం పక్కన నిలబడి మాట్లాడే బంధువులందరూ ఆయనకు సాక్ష్యం. తెలిసినా ఆపుకోలేం, అదే దాని గొప్పతనం.

ఇలా లాభం లేదని నాకు చెవుల్లో పెట్టుకునేవి ఇచ్చారు. ఇన్-ఇయర్ మానిటర్లు అంటారు. నడుముకి ఒక డబ్బా, దాన్నుంచి చెవులకి వైర్లు. పెట్టుకోగానే లోకం మాయం. బయటి మోత సగానికి సగం చచ్చిపోయి, నా గొంతు నాకే పుట్టెడు ప్రేమతో వినిపించింది. బ్రహ్మాండం అనుకున్నాను. అప్పుడు డ్రమ్మర్ అన్న గొంతు, సరిగ్గా నా తలకాయ మధ్యలోంచి, "వినపడుతోందా తమ్ముడూ?" అంది.

ఆయన దగ్గర ఇంకో చిన్న మైక్ ఉంటుంది. కాలితో బటన్ నొక్కి మాట్లాడితే బ్యాండ్ వాళ్ల చెవుల్లో మాత్రమే పలుకుతుంది, జనానికి వినపడదు. ఎక్కడైనా లెక్క తప్పితే దిద్దడానికి. మంచి ఏర్పాటే. కాకపోతే నా చేతిలో ఉన్న మైక్ అలాంటిది కాదు. అది నేరుగా జనానికే. దానికి ఆన్, ఆఫ్ స్విచ్ కూడా లేదు, సింగర్లు పొరపాటున ఆపేసుకుంటారని స్టేజీ మైకులు చాలావరకు స్విచ్ లేకుండానే వస్తాయి. ఇవన్నీ నాకు విడివిడిగా బాగానే తెలుసు.

షో మొదలవడానికి పది నిమిషాల ముందు గిటారిస్ట్ పాటల వరుస మార్చాడు. కొన్ని పాటలకి గిటారు తీగలు కిందికి దించి శ్రుతి చేయాలి, అవన్నీ ఒకచోట పెడితే గిటారు మార్చుకునే పని ఒక్కసారే అని ఆయన లెక్క. సబబే. నాతో, "మూడో పాట అయ్యాక గిటారు మార్చుకుంటా, ఒక్క నిమిషం జనంతో ఏదైనా మాట్లాడు, నాలుగోదాన్ని పరిచయం చేసెయ్" అన్నాడు. తలూపాను. టెన్షన్‌లో ఆ సమయానికి ఏం చెప్పినా తలూపేవాణ్ణి, కిడ్నీ అడిగినా.

లైట్లు ఆరాయి, పొగ వదిలారు, జనం అరిచారు (నా చెవులకి ఎక్కడో పక్క వీధిలో అరిచినట్టు వినిపించింది), మూడు పాటలు గాలిలో తేలిపోతూ పాడేశాను. ఆ మూడూ గిటారుతోనో డ్రమ్స్‌తోనో మొదలవుతాయి కాబట్టి వాళ్లు ఎత్తుకుంటే నేను అందుకున్నాను. నాలుగోదానికి ముందు గిటారిస్ట్ వెనక్కి తిరిగాడు. నేను ఠీవిగా ఒక కాలు ముందుకు వేసి, వంగి, కాగితం చూశాను.

కుక్కర్
మేనమామ
లె.మా.
పిల్లి
పంది

ఇంకా కింద ఏదో ఉంది కానీ పొగ కమ్మేసింది.

తర్వాత తెలిసిందేమిటంటే, వీళ్లు ఎనిమిదేళ్లుగా పాటల్ని అసలు పేర్లతో పిలవట్లేదు. పాట పుట్టినప్పుడు ఏ గుర్తు పెట్టుకున్నారో అదే ఖాయం. డ్రమ్స్‌లో తాళాలు విజిల్ వేసినట్టు ఉంటాయి కాబట్టి అది కుక్కర్. రికార్డింగ్ మధ్యలో బేస్ వాయించే అతనికి మేనమామ ఫోన్ చేశాడు కాబట్టి అది మేనమామ. లె.మా. అంటే లెక్కల మాస్టారు, ఏడు మాత్రల తాళం, వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టుకుంటే తప్ప పాడలేం. రిహార్సల్‌లో ఎవరూ ఈ పేర్లు పలకలేదు, "ఇది అయిపోయింది, అది అందుకుందాం" అనుకుంటూ గడిపేశాం, నేను నా ఫోన్‌లో నా వరుస చూసుకుంటూ పాడాను.

మిగిలిన పాటల్లో ఒకటి జోలపాటంత మెత్తనిది, ఒకటి గోడలు బద్దలుకొట్టేది. వీటిలో పిల్లి ఏది? తర్కం వాడాను. పిల్లికి గోళ్లుంటాయి, రక్కుతుంది, మీదికి దూకుతుంది. కాబట్టి గోడలు బద్దలుకొట్టేదే పిల్లి. ఇప్పటికీ నా తర్కంలో తప్పు నాకు కనపడదు.

మైక్ పైకెత్తి, "ఈ పాటకి ఒక్కరు కూడా నిలబడి ఉండకూడదు! మధ్యలో ఖాళీ చెయ్యండి! పెద్ద రౌండ్ కావాలి నాకు! ఇంకా పెద్దది!" అని ఊగిపోయాను. పాపం, జనం నమ్మారు. మధ్యలో రౌండుగా జాగా ఇచ్చారు, అంచున బలిష్ఠంగా ఉన్న కుర్రాళ్లు చొక్కాలు విప్పి నడుముకి కట్టుకుని, ఒకళ్ల మీదికి ఒకళ్లు దూకడానికి సిద్ధంగా ముందుకి వంగి నిలబడ్డారు.

చెవిలో గొంతు: "తమ్ముడూ, పిల్లి అది కాదురా."

ఎవరైనా పలకరిస్తే పలకడం చిన్నప్పటి నుంచి అలవాటు.

"ఆ అన్నా?" అన్నాను. మైక్‌లో.

హాలంతా, పై బాల్కనీతో సహా, నా "ఆ అన్నా" వినింది.

"నువ్వు చెప్పేది పంది. ముందు పిల్లి, తర్వాత పంది."

"పంది తర్వాతా?"

అది కూడా మైక్‌లోనే. ముందు వరసలో ఒకమ్మాయి నవ్వుతూ పక్కవాళ్ల భుజం పట్టుకుని వంగిపోయింది. డ్రమ్మర్ అన్న ఆగొచ్చుగా, ఆగలేదు. "మైక్ దించు, మైక్ దించు" అంటున్నాడు, నేను "సరే అన్నా, దించుతా" అని కూడా మైక్‌లోనే చెప్పి అప్పుడు దించాను. జనంలో సగం మంది "పంది! పంది!" అని కేకలు మొదలుపెట్టారు.

ఆ కేకల మధ్యలో గిటారిస్ట్, ఏమీ ఎరగనట్టు, అసలు నాలుగో పాట అందుకున్నాడు. ఒక్కో తీగ, చినుకు చినుకులా. ఆ నోట్లు ఒకప్పుడు గిటారు మీద పిల్లి నడిస్తే వచ్చినవట. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు అంటారు చూడండి, నేను అచ్చంగా అదే చేశాను. రౌండ్ అంచున చొక్కాలు విప్పుకున్న ఆ కుర్రాళ్ల ముఖాలు చూడాలి. దూకడానికి వంగినవాళ్లు వంగినట్టే ఉండిపోయారు. నా గొంతులోంచి "నువ్వు లేని ఈ రాత్రి" లాంటిదేదో మెల్లగా వస్తోంది. చివరికి అందరికంటే లావుగా ఉన్న అతను లేచి నిలబడి, చొక్కా మళ్లీ తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని, ఎదురుగా ఉన్న అతని భుజం మీద చెయ్యేసి నెమ్మదిగా ఊగడం మొదలుపెట్టాడు. ఇంకో ఇద్దరు కలిశారు. రెండో చరణానికి ఆ రౌండంతా ఊగుతోంది. నేను నవ్వు ఆపుకోలేక ఒక లైను మింగేశాను, గొంతు వణికింది. ఏడుస్తున్నాననుకున్నారు. చప్పట్లు కొట్టారు.

షో అయ్యాక సామాన్లు సర్దుతుంటే ఎవరూ నన్ను ఏమీ అనలేదు, అది ఇంకా భయం వేసింది. సింగర్‌కి మోయడానికి సొంత వాయిద్యం ఉండదు కాబట్టి అందరి సామానూ మోయాలని అప్పుడే తెలిసింది. అన్నిటికంటే బరువైన పెట్టె నాకిచ్చారు. బస్సెక్కాక, బెర్తులో కాళ్లు డ్రైవర్ వైపు పెట్టి పడుకోమన్నారు, సడన్ బ్రేక్ వేస్తే తల వెళ్లి గుద్దుకోకుండా. ఆ జాగ్రత్త చెప్పారంటే రేపు కూడా నేను ఉన్నట్టేనని లెక్కేసుకుని కళ్లు మూసుకున్నాను. కింది బెర్తులోంచి డ్రమ్మర్ అన్న, "తమ్ముడూ, నిద్రపోయావా?" అన్నాడు.

"ఆ అన్నా."

బస్సు చివరిదాకా నవ్వులు. డ్రైవర్ కూడా నవ్వాడు, ఆయనకి ఎవరు చెప్పారో.

మర్నాడు సాయంత్రం స్టేజీ మీద కొత్త కాగితం అంటించి ఉంది. నా కోసం పాటల అసలు పేర్లు పూర్తిగా, గుండ్రటి అక్షరాలతో, పక్కన ఎవరు మొదలుపెడతారో కూడా రాశారు. నాలుగో నంబరు దగ్గర మాత్రం పాట పేరు లేదు. పిల్లి కూడా లేదు. "ఆ అన్నా" అని ఉంది.